ఇల్లు లేనోళ్ళ కష్టం గురించి జనానికి ఎలాగ చెప్పాలి? (విజయనగరం)

ప్రశ్న: గంటస్తంభం_కుర్రోడు

అందరికీ నమస్కారం అండి. మాది విజయనగరం, డిగ్రీ ఫైనలియర్. అక్టోబర్ 10న ప్రపంచ నిరాశ్రయుల దినం కదా, మా ఎన్‌ఎస్‌ఎస్ తరఫున ఏదైనా చేద్దామని మా సార్‌ని అడిగేను, సరే నువ్వే ప్లాన్ వేసుకుని రా అన్నారు. ఇప్పుడు ఏటి చెయ్యాలో తెలీడం లేదు.

నేను సాయంత్రాలు ఆర్టీసీ కాంప్లెక్స్ వైపు ఒక మందుల షాపులో పని చేస్తాను, షాపు కట్టీసరికి పదిన్నర అవుతాది. ఆ టైంకి షట్టర్ల ముందు అట్టలు పరుచుకుని వరసగా పడుకుంటారు. అందులో ఒక ముసలాయన ఉన్నాడు, చెప్పులు విప్పి కవర్లో చుట్టి తలకింద పెట్టుకుంటాడు, సంచికి తాడు కట్టి ఆ తాడు రెండో కొస కాలికి ముడేసుకుంటాడు, అప్పుడు గాని నడుం వాల్చడు. కొన్ని షాపులవాళ్ళు వెళ్ళిపోయే ముందు మెట్ల మీద బకెట్లతో నీళ్ళు కొట్టీసి పోతారు, అక్కడ ఎవరూ పడుకోకూడదని. ఆ తడి ఆరేవరకు ఆయన రోడ్డు పక్కనే నిలబడి ఉంటాడు.

మా ఫ్రెండ్స్‌తో అంటే "వాళ్ళకి అలవాటైపోయిందిలేరా", "ఇంట్లో గొడవపడి వచ్చీసినోళ్ళే", "డబ్బులిస్తే తాగీస్తారు" ఇవే మాటలు. చెడ్డోళ్ళు కాదు వాళ్ళు, బ్లడ్ డొనేషన్ అంటే ముందుంటారు, ఈ విషయానికి వచ్చేసరికి మాత్రం ఎవరికీ పట్టదు. బిర్యానీ ప్యాకెట్లు పంచి ఫొటో దిగి వచ్చీడం నాకు ఇష్టం లేదు. అసలు వాళ్ళ కష్టం ఏటో ముందు నాకు అర్థం కావాలి, తర్వాత నలుగురికీ చెప్పాలి. దగ్గరుండి చూసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.

జవాబు: రాత్రి_డ్యూటీ (శ్రీకాకుళం)

తమ్ముడూ, నేను స్టాఫ్ నర్సుని, చాలా ఏళ్ళు నైట్ డ్యూటీలే చేసేను, ఏ ఆస్పత్రి అన్నది వద్దులే. నాకు తెలిసింది ఒళ్ళు గురించి, అదే చెప్తాను.

జనం ముందు ఆకలి అనుకుంటారు. ఆకలి ఉంది, కాదనను, కానీ 5 రూపాయలకి అన్న క్యాంటీన్లో టిఫినో భోజనమో దొరుకుతుంది, గుళ్ళో ప్రసాదం దొరుకుతుంది, ఎవరో ఒకరు పెడతారు. నిద్ర మాత్రం ఎవ్వరూ పెట్టలేరు. రాత్రి పదకొండు దాకా రోడ్డు సద్దుమణగదు, తెల్లారగట్ల నాలుగింటికి ఊడ్చేవాళ్ళు, పాలవ్యాన్లు, టీ కొట్లు, ఈ మధ్యలో దోమలు, కుక్కలు, ఎవడైనా తాగొచ్చి తన్నడం, పోలీసులు లేపడం. రోజుకి మూడు గంటలు ముక్కలుముక్కలుగా నిద్రపోయి నెలల తరబడి ఉంటే ఎవరైనా సరే మాట తడబడతారు, ఊరికే కోపం వస్తుంది, తమలో తామే మాట్లాడుకుంటారు. అది చూసి మనం పిచ్చోడు అంటాం, తాగుబోతు అంటాం. ఒక వారం మనల్ని అలా పడుకోబెడితే మనమూ అంతే.

తర్వాత కాళ్ళు. నా దగ్గరికి వచ్చిన వాళ్ళల్లో సగం పైన కాళ్ళ పుళ్ళతోనే వచ్చేరు. చెప్పులు దొంగలు పట్టుకుపోతారు, ఎండలో తారు రోడ్డు మీద వట్టి కాళ్ళతో నడుస్తారు, వానాకాలం రోజుల తరబడి తడిలో, సుగర్ ఉంటే ఇక చెప్పక్కర్లేదు. డ్రెస్సింగ్ చేసి "పుండు తడపకండి, కాలు ఎత్తులో పెట్టుకుని రెస్ట్ తీసుకోండి, రెండ్రోజులకి మళ్ళీ రండి" అని చీటీ రాసిస్తాం. ఎక్కడ రెస్ట్ తీసుకుంటాడు? ఇన్సులిన్ ఇచ్చి చల్లగా ఉంచుకోండి అంటాం, ఫ్రిజ్ లేకపోతే మట్టికుండలో అంటాం, ఆ కుండ పెట్టుకోవడానికైనా ఒక మూల ఉండాలి కదా. టీబీ మాత్రలు ఆరు నెలలు మానకుండా మింగాలి, సంచి పోతే మాత్రలూ పోతాయి. టీబీ వాళ్ళకి తిండి కోసం గవర్నమెంటు నెలకి ఇచ్చే 500ని 2024 నవంబర్ నుంచి 1000 చేసింది, మంచి సంగతే, కానీ అది బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఖాతాకి ఆధార్, ఆధార్‌కి అడ్రస్. అక్కడే ఆగిపోతుంది వ్యవహారం.

అడ్మిట్ చేసుకుందాం అంటే అటెండెంట్ ఎవరు అంటారు. సంతకానికి మనిషి లేడు, స్కానింగ్‌కి తోసుకెళ్ళడానికి మనిషి లేడు. అందుకే చాలామంది పూర్తిగా పడిపోయేదాకా ఆస్పత్రి గుమ్మం తొక్కరు.

ఆడవాళ్ళ సంగతి వేరేగా చెప్పాలి. రాత్రి నిద్రపోరు వాళ్ళు. కూర్చునే ఉంటారు, వెలుతురు ఉన్నచోట, నలుగురు తిరిగేచోట, పగలు ఏ గుడి దగ్గరో పార్కులోనో కాస్త కునుకు తీస్తారు, అది చూసి జనం "పనీపాటా లేదు, పట్టపగలు పడుకుంది" అంటారు. బాత్రూంకి వెళ్ళాల్సి వస్తుందని నీళ్ళు తాగరు, డబ్బులిచ్చే టాయిలెట్ అయితే ప్రతిసారీ చిల్లర కావాలి, దానివల్ల మూత్రం మంట, జ్వరం, కిడ్నీ దాకా పోతుంది. నెలసరి వచ్చినప్పుడు గుడ్డ ఉతికి ఆరేసుకోడానికి చోటు ఉండదు. ఒకామె చీర చిరిగిపోయినా కొత్తది ఇస్తే తీసుకోలేదు, మంచి చీర కట్టుకుంటే రాత్రి మగాళ్ళ కళ్ళు పడతాయి అంది. ఆ మాట విన్నాక నేను చాలారోజులు మామూలుగా ఉండలేకపోయేను.

జవాబు: ఉద్దానం_బావు

ఆ అక్క రాసింది అంతా నిజం. నాదొక మాట. ఈళ్ళు రోడ్డుమీదకి ఎలాగొచ్చేరు అన్నది కూడా చెప్పాల మీ ప్రోగ్రాంలో, లేపోతే జనం "ఆళ్ళ తప్పే" అనీసి ఊరుకుంటారు.

మా వైపు కిడ్నీ జబ్బు సంగతి అందరికీ తెలిసిందే. మా ఊరాయన ఒకడు, పేరెందుకులే, పెళ్ళానికి డయాలసిస్ అని ముందు ఆవు, తర్వాత పొలం అమ్మీసేడు. మిగిలిన కొబ్బరి చెట్లు 2018లో తిత్లీ తుఫానుకి పడిపోనాయి. కొబ్బరిచెట్టు పడితే మళ్ళీ కాపుకి ఏళ్ళు పడతాది. ఆవిడ పోయింది. ఈయన చెన్నై ఎళ్ళి హోటల్లో గిన్నెలు కడిగేడు, అక్కడే పడుకునేవోడు. ఒళ్ళు బాగోక పన్లోంచి తీసీసేరు. పనితోపాటే పడుకునే చోటూ పోయింది. చూడండి, హోటళ్ళలో, వాచ్‌మేన్ పనిలో, కన్‌స్ట్రక్షన్లో మన జిల్లావోళ్ళు ఎంతమంది ఉన్నారో, అందరికీ పని ఉన్నన్నాళ్ళే ఇల్లు. తిరిగొచ్చి రైలు దిగేడు గానీ ఊరికి రాలేదు, ఆమదాలవలస స్టేషన్ దగ్గరే ఉండిపోనాడు. అప్పులోళ్ళకి ఏం మొహం చూపిస్తానని. స్టేషన్‌కి ఊరికీ మధ్య రెండు మూడు గంటల బస్సు. ఆ బస్సెక్కడానికి ఆడికి సిగ్గు అడ్డొచ్చింది, దూరం కాదు.

మా వోళ్ళు ఎవరో చూసి చెప్తే నలుగురం ఎళ్ళి తీసుకొచ్చేం. వచ్చిన కొత్తల్లో మంచమేస్తే కింద పడుకునేవోడు, సంచి ఒగ్గీవోడు కాదు. ఇప్పుడు బాగున్నాడు, జీడిపిక్కల బట్టీకి పోతన్నాడు.

ఇంకోటి. మీరు అక్టోబర్ 10 అంటన్నారు. మన ఏపుకి అది తుఫాన్ల టైము. తిత్లీ ఆ 10వ తారీకు రాత్రి దాటి తెల్లారగట్ల పలాస దగ్గర తీరం దాటింది, హుద్‌హుద్ 2014లో అక్టోబర్ 12. ముందురోజు నుంచీ మైకుల్లో "ఎవరూ ఇళ్ళల్లోంచి బయటికి రావద్దు" అనీసి చెప్తారు. తీరంలో ఊళ్ళకి తుఫాన్ షెల్టర్లున్నాయి. టౌన్లో ఫుట్‌పాత్ మీద ఉన్నోడికి ఆ మైకు ఏటి చెప్పినట్టు? మీ కాలేజీవోళ్ళు ఇదొక్కటి అడిగినా చాలు, తుఫాను హెచ్చరిక ఒచ్చిన రోజు టౌన్లో స్కూళ్ళో కళ్యాణమండపమో ఈళ్ళ కోసం తెరుస్తారా అని.

జవాబు: నికార్సైన_మాట

అందరూ బాగానే చెప్తున్నారు గాని షెల్టర్లు కట్టినా వాళ్ళు వెళ్ళరండి. నేను స్వయంగా ఒకాయన్ని తీసుకెళ్తానంటే రానన్నాడు. ఫ్రీగా ఉండమన్నా రానంటే మనమేం చేస్తాం. తాగుడు అలవాటు ఉన్నవాళ్ళు కూడా ఉంటారు, అది కూడా నిజమే కదా.

జవాబు: పాత_ఆర్పీ

నేను మెప్మాలో, అంటే పట్టణాల్లో పేదరికం తగ్గించే గవర్నమెంటు సంస్థలో, రిసోర్స్ పర్సన్‌గా చేసేను, ఈ పని కొన్నాళ్ళు చూసేను కాబట్టి పైన సార్ అడిగినదానికి చెప్తాను. మీరు తీసుకెళ్తానని అడగడమే మంచి సంగతి సార్, వంద మందిలో ఒక్కరు కూడా అడగరు. కానీ ఆయన రానన్నదానికి కారణం ఉండి ఉంటుంది.

మొదటిది భయం. అడుక్కోవడం నేరం అనే చట్టం మన రాష్ట్రంలో 1977 నుంచి ఉంది. వ్యాన్ వచ్చిందంటే పట్టుకుపోతారు, సామాను రోడ్డు మీదే పోతుంది అని వాళ్ళల్లో ఒకరికొకరు చెప్పుకుంటారు. నిజానికి వీళ్ళల్లో అడుక్కునేవాళ్ళు తక్కువ, పెళ్ళి వంటల్లో సహాయానికి వెళ్ళేవాళ్ళు, మార్కెట్లో మూటలు మోసేవాళ్ళు, రిక్షా, చెత్త కాగితాలు ఏరేవాళ్ళు, పూలు కట్టేవాళ్ళు ఎక్కువ. రెండోది టైము. షెల్టర్ గేటు రాత్రి తొందరగా వేసేస్తే పన్నెండింటికి వంటపని అయ్యి వచ్చేవాడు ఎక్కడికి పోతాడు? మూడోది, మొగుడూపెళ్ళాం ఉంటే ఆయన్ని ఒకచోట ఆవిణ్ణి ఒకచోట ఉంచుతారు, నలభై ఏళ్ళు కలిసున్నవాళ్ళు ఆ ఒక్క రాత్రికి విడిపోవడానికి ఒప్పుకోరు. ఇక సామాను, రిక్షా, తోపుడుబండి, అవి లోపల పెట్టనివ్వరు, బయట పెడితే తెల్లారేసరికి ఉండవు. తాగుడంటారా, ఉంది, మన వీధుల్లో మేడల్లో ఉన్నవాళ్ళకీ ఉంది, వాళ్ళకి తలుపు ఉంది కాబట్టి మనకి కనపడదు. అది ఉన్నవాణ్ణి లోపలికి రానివ్వం అంటే అసలు అవసరం ఉన్నవాడే బయట ఉండిపోతాడు.

రూల్ ప్రకారం ఏముందో తమ్ముడికి చెప్తాను, రాసుకో. 2013లో వచ్చిన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్‌లో పట్టణ నిరాశ్రయుల షెల్టర్ల స్కీం పెట్టేరు, మన దగ్గర మెప్మా చూసేది, ఆ మిషన్ గడువు 2024 సెప్టెంబర్‌తో అయిపోయింది. ఆ స్కీంలో రాసింది ఇది. లక్ష జనాభాకి కనీసం వంద మందికి సరిపడా వసతి ఉండాలి, అది ఏడాది పొడుగునా, ఇరవైనాలుగు గంటలూ తెరిచి ఉండాలి, చలికాలం మాత్రమే కాదు. నీళ్ళు, టాయిలెట్లు, దుప్పట్లు, వంటకి చోటు, సామాను దాచుకోడానికి లాకర్లు, ఇవన్నీ ఉండాలని అందులోనే రాసుంది. విజయనగరం 2011 జనాభా లెక్కల్లోనే రెండు లక్షలు దాటింది, అంటే ఎంతమందికి ఉండాలో నువ్వే లెక్క వేసుకో. మున్సిపల్ కార్పొరేషన్‌లో మెప్మా సెక్షన్‌కి వెళ్ళి షెల్టర్ ఎక్కడుంది, ఎన్ని మంచాలు, ఆడవాళ్ళకి వేరేగా ఉందా, రాత్రి ఎన్నింటికి గేటు వేస్తారు, ఈ నాలుగూ కనుక్కో. నీ ప్రోగ్రాంకి వచ్చే స్టూడెంట్లందరికీ ఆ అడ్రస్ నోటికి రావాలి. టౌన్లో చాలామందికి అలాంటిది ఒకటి ఉంటుందనే తెలీదు, తెలిస్తే కనీసం దారి చూపిస్తారు.

లెక్కల సంగతి వచ్చింది కాబట్టి. 2011లో దేశం మొత్తం ఫిబ్రవరి 28 రాత్రి ఇల్లు లేనివాళ్ళని లెక్కపెట్టేరు. ఫుట్‌పాత్‌లు, సిమెంటు పైపులు, ఫ్లైఓవర్ల కింద, మెట్ల కింద, గుడి మండపాలు, రైల్వే ప్లాట్‌ఫారాలు, ఇక్కడ పడుకునేవాళ్ళు. 17.7 లక్షల పైన తేలేరు. ఒక్క రాత్రిలో కనపడినవాళ్ళు మాత్రమే వాళ్ళు. లేడీస్ అయితే దాక్కునే పడుకుంటారు, లెక్కలోకి ఎలా వస్తారు?

ఇంక మతిస్థిమితం లేనివాళ్ళు. రాయగడ లైన్లో, హౌరా లైన్లో వచ్చే రైళ్ళల్లోంచి ఎక్కడ దిగుతున్నారో తెలీకుండా దిగిపోయేవాళ్ళు ఉంటారు, ఒరియానో బెంగాలీయో హిందీయో మాట్లాడతారు, మనకి అర్థంకాక పిచ్చిమాటలు అనుకుంటాం. 2017 మానసిక ఆరోగ్య చట్టం 100వ సెక్షన్ ప్రకారం అలా తిరుగుతున్న మనిషిని, తన సంగతి తాను చూసుకోలేకపోతున్నాడనిపిస్తే, పోలీసులు తమ రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోపు దగ్గర్లో ఉన్న గవర్నమెంటు ఆస్పత్రికి చూపించాలి. ఇల్లూవాకిలీ లేని మనిషైతే మిస్సింగ్ పర్సన్ కింద ఎఫ్‌ఐఆర్ కట్టి ఇంటివాళ్ళని వెతికే బాధ్యత కూడా స్టేషన్‌దే. లాకప్‌లో పెట్టకూడదు. మనం చెయ్యాల్సింది కాగితం మీద రాసి ఇచ్చి నకలు మీద స్టాంపు వేయించుకోవడం. నోటిమాటగా చెప్తే ఎవరికీ గుర్తుండదు. మనకి దగ్గర విశాఖలో చినవాల్తేరు మానసిక ఆస్పత్రి ఉంది. మందులు పడితే తన ఊరు పేరు, అన్నదమ్ముల పేర్లు చెప్పినవాళ్ళని నా కళ్ళతో చూసేను. మహారాష్ట్రలో కర్జత్ దగ్గర డాక్టర్ భరత్ వత్వానీ గారు ఇదే పని చేస్తున్నారు, రోడ్ల మీద దొరికినవాళ్ళకి వైద్యం చేసి ఇళ్ళకి చేర్చడం, 2018లో ఆయనకి మెగసెసే అవార్డు ఇచ్చేరు.

జవాబు: కోర్టు_మెట్లు (శ్రీకాకుళం)

పైన మేడమ్ గారు చెప్పినదానికి రెండు చేరుస్తాను. "వీళ్ళు ఊరి బయటకి పోయి ఉండొచ్చుగా" అనేవాళ్ళకి 1985 నాటి ఓల్గా టెల్లిస్ కేసు చెప్పండి, బొంబాయి ఫుట్‌పాత్ మీద ఉన్నవాళ్ళ కేసు. పని దగ్గర్లో ఉంది కాబట్టే అక్కడ ఉంటున్నారు, బతుకుతెరువు తీసేస్తే బతుకు తీసేసినట్టే అని సుప్రీంకోర్టు జీవించే హక్కులో దాన్ని కలిపింది. ఖాళీ చేయించకూడదని మాత్రం అనలేదు, అది కూడా నిజాయితీగా చెప్పాలి.

రెండోది, పిల్లలు వదిలేసిన ముసలివాళ్ళు. 2007 తల్లిదండ్రుల పోషణ చట్టం కింద ఆర్డీఓ ట్రిబ్యునల్లో అర్జీ పెట్టొచ్చు, లాయరు అక్కర్లేదు, నెలకి పదివేల దాకా ఇప్పించొచ్చు. చూసుకుంటామని షరతు రాయించుకుని ఇల్లు రాయించుకుని తర్వాత గెంటేస్తే ఆ దస్తావేజు రద్దు చేయించొచ్చు. తల్లిదండ్రుల్ని కావాలని వదిలేస్తే మూడు నెలల జైలు కూడా ఉంది. చాలామంది పెద్దవాళ్ళు కొడుకు మీద కేసు పెట్టడానికి మాత్రం ఒప్పుకోరు, బలవంతపెట్టకండి, అలాంటి దారి ఒకటుంది అని చెప్పి వదిలెయ్యండి.

జవాబు: రాత్రి_డ్యూటీ

మేడమ్ గారు ఓటు సంగతి కూడా చెప్పండి, నాకు సరిగ్గా తెలీదు.

జవాబు: పాత_ఆర్పీ

అవునమ్మా, అది మర్చిపోయేను. ఇల్లు లేనివాళ్ళకి ఓటు హక్కు ఉంది. ఫారం 6లో ఎక్కడ పడుకుంటారో ఆ చోటే రాస్తే చాలు, అడ్రస్ ప్రూఫ్ అడగకూడదు, బీఎల్ఓ, అంటే ఆ బూత్ ఓటర్ల లిస్టు చూసే ఉద్యోగి, రాత్రిపూట ఒకటికి రెండుసార్లు వచ్చి నిజంగా అక్కడే పడుకుంటున్నారా చూసుకుని ఎక్కిస్తారు. ఎలక్షన్ కమిషన్ రూలే ఇది. ఓటరు కార్డు చేతికి వస్తే చాలా తలుపులు తెరుచుకుంటాయి. పింఛను సంగతి చూడండి, వృద్ధులకి నెలకి 4000, ఒకటో తారీకున ఇంటికే తెచ్చిస్తారు, అందరం సంతోషించేం, ఇల్లే లేనివాడు అసలు ఆ లిస్టులోకి ఎక్కాలంటే ముందు ఏదో ఒక కాగితం మీద అతని పేరుండాలి.

జవాబు: గంటస్తంభం_కుర్రోడు

అందరికీ చాలా థ్యాంక్స్ అండి, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. అన్నీ ప్రింట్ తీసి మా సార్‌కి చూపించేను. ర్యాలీ వద్దనుకున్నాం. ఇలా అనుకుంటున్నాం: ముందు కాంప్లెక్స్ చుట్టుపక్కల షాపులవాళ్ళతో కూర్చుని మాట్లాడతాం, నీళ్ళు కొట్టడం మానెయ్యమని, పొద్దున్న షాపు తీసేముందు చోటు శుభ్రం చేసి ఇచ్చే పూచీ మాది అని. మా షాపు ఓనర్ గారు ఒప్పుకున్నారు, ఆయన చెప్తే పక్కవాళ్ళూ వింటారు. కాలేజీలో ఉపన్యాసాలు కాకుండా ఒక పని పెడతాం, ఒక్కొక్క స్టూడెంటుకి ఒక పరిస్థితి ఇస్తాం, నీ పర్సు, ఫోను, ఆధార్ పోయాయి, ఈ ఊళ్ళో ఎవరూ తెలీదు, కాలికి పుండు ఉంది, రేపు సాయంత్రంలోపు మందు, తిండి, పడుకునే చోటు ఎలాగ సంపాదిస్తావు అని. ఎక్కడ ఆగిపోతారో వాళ్ళకే తెలుస్తాది. తుఫాను షెల్టర్ గురించి కమిషనర్ గారికి అర్జీ రాస్తున్నాం. ఉద్దానం అన్నయ్య చెప్పిన పాయింటే అందులో మొదటిది.

పంచడానికి ఏం కొనాలో కూడా చెప్పండి, డబ్బులు కొంచెమే పోగయ్యాయి.

జవాబు: రాత్రి_డ్యూటీ

బిర్యానీ వద్దు తమ్ముడూ. ఫంక్షన్లో మిగిలింది రాత్రి పదకొండింటికి తెచ్చి ఇస్తారు, ముసలివాళ్ళకి పడదు, విరేచనాలైతే వెళ్ళడానికి చోటు లేదు, నీళ్ళు లేవు. రబ్బరు చెప్పులు కొను, సైజులు ముందు కనుక్కుని. ప్లాస్టిక్ పట్టా, దోమల క్రీము, సబ్బు, టవల్, ఆడవాళ్ళకి ప్యాడ్లు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు. మెడలో వేసుకునే చిన్న జిప్ పౌచ్ దొరుకుతుంది, చీటీలు, మాత్రలు, ఆధార్ తడవకుండా ఉంటాయి, నన్నడిగితే అన్నింటికన్నా అదే ముఖ్యం. ఆధార్ ఉన్నవాళ్ళది ఫొటోకాపీ తీసి లామినేషన్ చేయించి ఇవ్వండి, పది ఇరవై రూపాయల పని. ముఖాలు కనపడేలా ఫొటోలు తియ్యొద్దు, ఎవరి ఊళ్ళో ఎవరు చూస్తారో, పైన అన్నయ్య చెప్పిన సిగ్గు ఎంత పని చేస్తుందో చూసేవు కదా. అడిగి కూర్చోండి, పేరు అడగండి, మీరు అనండి.

జవాబు: ఉద్దానం_బావు

నువ్వు చెప్పిన ఆ తాడు కట్టుకునే ముసలాయన్ని ఏ ఊరని అడిగేవా? అడుగు ఓసారి. మన ఏపోడైతే ఇక్కడ ఊరి పేరు పెట్టు, ఆయన పేరు పెట్టకు. ఎవరో ఒకరం కనుక్కుంటాం.

జవాబు: గంటస్తంభం_కుర్రోడు

అడుగుతాను అన్నయ్యా.

జవాబు: పాత_ఆర్పీ

నంబర్లు కూడా రాసుకోండి, షాపుల్లో గోడకి అంటించండి. పెద్దవాళ్ళకి ఎల్డర్‌లైన్ 14567, పిల్లలు ఒంటరిగా కనిపిస్తే 1098, మానసిక సమస్యకి టెలీమానస్ 14416, ఒంట్లో బాగోకపోతే 108, ఎవరైనా కొడుతున్నా ఏడిపిస్తున్నా 112. షెల్టర్ నంబరు కార్పొరేషన్‌లో తీసుకుని వీటి పైన పెద్ద అక్షరాలతో వెయ్యండి. కమిషనర్ గారికి అర్జీ రెండు వారాల ముందే ఇవ్వాలి, పండగల ముందు ఇస్తే ఫైల్ కదలదు, విజయదశమి తర్వాత మంగళవారం సిరిమానోత్సవం కాబట్టి ఆఫీసంతా ఆ హడావుడిలోనే ఉంటుంది. ఇన్‌వార్డు నంబరు తీసుకోవడం మర్చిపోవద్దు.